ఇంకుడు గుంతలో నీలిమందు

మొయినాబాద్ చుట్టుపక్కల ఏ ఫామ్‌హౌస్‌లో మోటరు మొండికేసినా ముందు ఫోన్ పోయేది కృపాకర్‌కే. బోరు పైపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఏం చెడిందో చెప్పేస్తాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అతను చెప్పిందే నిజమవుతుంది. పదోసారి కూడా తనదే నిజమని వాదిస్తాడు, అదీ మా వాడి గుణం. నా పేరు జనార్దన్. బీజాపూర్ రోడ్డు మీద నాది హార్డ్‌వేర్ దుకాణం. ఇరవై ఏళ్లుగా అతనికి పైపులూ వాల్వులూ అమ్ముతున్నాను కాబట్టి అతని గొప్పలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం గొప్ప కాదు. కొంత నేను చూసింది, మిగతాది అతనే చెప్పుకున్నది. "నలుగురికి చెప్తె చెప్పు సేటూ, దాచిపెట్టి నేను బాగుపడ్డదేం లేదు" అన్నాడు.

కనకమామిడిలో ఈశ్వరరావు గారికి ఒక ఫామ్‌హౌస్ ఉంది. ఆయనది కోస్తా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోతారు. ఇంటి కింద సెల్లార్ తవ్వించి, సినిమాలు చూసుకునే గది కట్టుకున్నారు. నీళ్ల కోసం తవ్వితే మా నేల ఒక్క చుక్క ఇవ్వదు కానీ, సినిమా గది కోసం తవ్వితే గోడ అడుగునుంచి ఊట మొదలైంది. నిరుడు వానాకాలం చివర్లో కృపాకర్ సెల్లార్ మూలన చిన్న తొట్టి కట్టి, అందులో పంపు దించాడు. తొట్టిలో నీరు పెరిగితే ఫ్లోటు తేలి మోటరు దానంతటదే నడుస్తుంది, తగ్గితే ఆగుతుంది.

తోడిన నీళ్లు రోడ్డు పక్క మోరీలోకి వదలమన్నారు ఈశ్వరరావు గారు. కృపాకర్‌కు ప్రాణం ఒప్పలేదు. వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు ఎన్ని చూశాడో!

"మోరీల పోస్తమా సార్ నీళ్లు? ఇంకుడు గుంతకు ఇడుస్త. మీ బోరే బతుకుతది" అన్నాడు.

ఆ ఇంకుడు గుంత సెల్లార్ గోడకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఈశ్వరరావు గారు మురిసిపోయారు. ఆ సంగతి విని నేనూ మెచ్చుకున్నాను. నీళ్లను వదులుకోవడం మాలో ఎవరికీ చేతకాదు.

ఆ ఇంటి కాపలా ఎస్తేర్‌ది. భర్త పోయాక గేటు పక్క గదిలో ఉంటూ ఇల్లూ తోటా చూసుకుంటోంది. ఆ గది తప్ప ఆమెకు వేరే నీడ లేదు. పని ఇప్పించింది కృపాకరే. ఇద్దరిదీ ఒకే చర్చి, అక్కడ కృపాకర్ సంఘ పెద్ద.

ఈ ఏడు ఆగస్టులో వారం పాటు ముసురు పట్టింది. పంపు కాలిపోయి సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. సోఫాలు నాని ఉబ్బిపోయాయి. కిరాయి ఇంజను పెట్టి నీళ్లు తోడించాక కృపాకర్ దిగాడు. ఫ్యూజు చూశాడు, ఫ్లోటు ఎత్తి దించాడు, పంపు పైకి లాగి వాసన చూశాడు. వైండింగ్ మాడిపోయింది. ఎందుకు మాడిందో తెలియలేదు. తెలియదని చెప్పడం అతనికి అలవాటు లేదు. పంపు మూతి దగ్గర చిన్న గుడ్డపీలిక ఒకటి కనిపించింది.

"గుడ్డ ఇరికింది సార్. తుడిచేటోళ్లు జర చూసుకోవాలె" అన్నాడు ఈశ్వరరావు గారితో.

"గింత పీలికకు మోటరు కాలుతదా అన్నా?" అంది అక్కడే ఉన్న ఎస్తేర్. "మూడు దినాలు ఆగకుంట తిరిగింది. నీకు ఫోన్ చేసి చెప్పిన గద?"

నిజమే, చేసింది. "వానకాలం మోటరు తిరగక ఏం చేస్తది? ఫికర్ చెయ్యకు" అని పెట్టేశాడు. ఇప్పుడు ఈశ్వరరావు గారు అతని వైపు చూశారు. కృపాకర్ తలెత్తకుండా పంపును అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. ఆయనకు అదే జవాబైంది. "నెలాఖరుకి గది ఖాళీ చేసెయ్యమ్మా" అన్నారు ఎస్తేర్‌తో. ఆయన గొంతు పెంచలేదు, మర్యాదగానే చెప్పారు.

బుధవారం కొత్త పంపును నా ట్రాలీ ఆటోలోనే తీసుకెళ్లాం. బరువైనది కాబట్టి నేనూ ఒక చెయ్యి వేశాను. స్విచ్చి వేస్తే తొట్టి ఐదు నిమిషాల్లో ఖాళీ అయింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ నిండింది. మోటరు మళ్లీ తోడింది, తొట్టి మళ్లీ నిండింది. వాన ఆగి నాలుగు రోజులైంది, బయట ఎండ కాస్తోంది. పైపులోని నీళ్లే వెనక్కి దిగుతున్నాయేమోనని కృపాకర్ వాల్వు కట్టేశాడు. అయినా నిండింది. అప్పుడు గోడ అడుగును చేత్తో తడిమి, ఆ గోడకు అవతల ఏముందో గుర్తు చేసుకున్నాడు. గబగబా పైకి వెళ్లాడు.

ఎస్తేర్ గదిలో సామాను సర్దుకుంటోంది. "చెల్లె, బట్టల నీలిమందు ఉన్నదా?" అని అడిగాడు. ఆమె ఎందుకని అడగకుండా సీసా తెచ్చిచ్చింది. దాన్ని మొత్తం ఇంకుడు గుంతలో గుమ్మరించి, పంపు నడిపించి, మేమిద్దరం సెల్లార్‌లో కూర్చున్నాం.

గంట గడిచాక గోడ అడుగు నుంచి లేత నీలం నీళ్లు కారాయి. పాత పంపు తాను పోసిన నీళ్లనే తోడుకుంటూ, క్షణం ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోయిందన్నమాట. కృపాకర్ ముఖం చూడలేక నేను గోడనే చూస్తూ కూర్చున్నాను.

"పైపు మోరీకి మార్చేస్త సేటూ" అన్నాడు. "ఎవరికీ చెప్పకు."

నేను తలూపాను. తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

శనివారం ఈశ్వరరావు గారు వచ్చి, పొడిగా ఉన్న సెల్లార్ చూసి సంతోషించారు. "భలే చేశారండీ. ఇక కొత్తవాళ్లకి జాగ్రత్తలు చెప్పుకుంటే సరిపోతుంది" అన్నారు. నీళ్ల బకెట్‌తో ఎస్తేర్ మెట్ల దగ్గర నిలబడి ఉంది. కృపాకర్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ఆమె పక్కనుంచే మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం, చర్చిలో నెలకోసారి జరిగే ప్రభురాత్రి భోజనం. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. రొట్టె పంచేముందు పాస్టర్ గారు కాసేపు ఆగుతారు. ఎవరికి ఎవరితో పొరపొచ్చాలున్నా లేచి వెళ్లి, చేతులు పట్టుకుని సమాధానపడాలి. ఏళ్ల తరబడి ఆ కాసేపు కృపాకర్ రొట్టె పళ్లెం పట్టుకుని నిటారుగా నిలబడేవాడు, తనకు ఆ అవసరమే లేదన్నట్టు. ఆ రోజు వెళ్దామనుకున్నాడు కానీ పళ్లెం కింద పెట్టలేకపోయాడట. పాట మొదలయ్యాక వరసలు దాటుకుంటూ వచ్చి, ఎస్తేర్ ముందు పళ్లెం పట్టాడు. ఆమె రొట్టె ముట్టలేదు. అతని గోళ్ల అంచుల్లో ఇంకా పోని నీలాన్ని చూసింది.

"బుధవారం సెల్లార్ తుడిచింది నేనే అన్నా" అంది, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా. "గుడ్డంత నీలం అయ్యింది. నిన్న సారు ముంగట చెప్తవని చూసిన."

కృపాకర్ పళ్లెం బల్ల మీద పెట్టేసి, అందరూ చూస్తుండగా బయటికి నడిచాడు. ఎస్తేర్ వెనకే వచ్చింది.

"సారుకు ఇప్పుడే చెప్త చెల్లె. గుంతకు పైపు ఇడిసింది నేనే, తప్పంత నాదే అని చెప్త" అంటూ ఫోన్ తీశాడు.

"పైపు సంగతి నీ ఇష్టం" అంది ఆమె. "నేను నీకు ఫోన్ చేసిన అని చెప్పు. ముందుగాల్నే చెప్పిన, నువ్వే ఇనలేదని చెప్పు. ఆయన నన్ను అబద్ధాలదాన్ని అనుకుంటున్నడు."

రెండూ చెప్పాడు.

"ఆవిడ ఆ రోజే నా ముందు చెప్పింది కదండీ. మీరెందుకు నోరు విప్పలేదు?" అని అడిగారు ఈశ్వరరావు గారు.

"సిగ్గయ్యింది సార్."

"మీకు సిగ్గేస్తే ఆవిడ గది పోవాలా?"

కృపాకర్ ఫోన్‌ను ఎస్తేర్ చేతికిచ్చాడు.

ఎస్తేర్ గది నిలిచింది. కృపాకర్ మాత్రం ఆ ఆదివారం నుంచి పళ్లెం పట్టుకోలేదు. పాస్టర్ గారు రెండుసార్లు అడిగినా వెనక బెంచీలోనే కూర్చుంటున్నాడు. మొన్న మళ్లీ ముసురు పట్టినప్పుడు నా దుకాణంలో చాయ్ తాగుతున్నాడు. ఫోన్ మోగింది. చేతిలో చాయ్ ఉండటంతో స్పీకర్ పెట్టాడు.

"మోటరు రెండుసార్లు తిరిగి ఆగింది అన్నా. చెప్దామని చేసిన" అంది ఎస్తేర్.

కృపాకర్ చాయ్ గ్లాసు గల్లాపెట్టె మీద పెట్టి, లేచి నిలబడ్డాడు. ఎన్ని నిమిషాలు తిరిగిందో, ఎంతసేపు ఆగిందో ఆమె చెబుతున్నదంతా అడ్డం రాకుండా విన్నాడు. "ఇంకేమన్న ఉన్నదా చెల్లె?" అని అడిగాడు. ఏం లేదని ఆమె అన్నాకే కూర్చున్నాడు.