గజ్జి పిల్లి, పెద్దమ్మ బొంత

కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడలో ఉద్యోగం దొరికిన ఏడాది, మాదాపూర్‌లో ఒక పెద్దమ్మ ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. సామాను తక్కువ: ఒక పరుపు, ఒక స్టవ్వు, ఒక తెల్ల పిల్లి. పిల్లి సంగతి ముందే చెప్పలేదు. చెబితే గది ఇవ్వదని తెలియనంత అమాయకురాలిని కాను.

వానాకాలంలో దాని తోక మొదట్లో వెంట్రుకలు రాలి, చర్మం ఎర్రగా పొక్కింది. ఎప్పుడు చూసినా కొరుక్కుంటూనే ఉండేది. పెద్దమ్మ వాకిట్లో నిలబడి తీర్పు చెప్పేసింది.

"గజ్జి పిల్లి నా ఇంట్ల ఉండద్దు బిడ్డా. ఐతారం దాకా చూస్త. ఇగ తర్వాత ఏడ ఇడుస్తవో ఇడువు."

తన కాళ్ళు కూడా దురద పెడుతున్నాయని, అదీ నా పిల్లి పుణ్యమేనని చూపించింది.

గజ్జి అంటే మా గోదావరి వైపు పసుపూ వేపాకే. రెండూ నూరి దట్టంగా పట్టించాను. దురద తగ్గలేదు కానీ పిల్లి పెళ్ళికూతురయింది. నా దుప్పటికీ గోడకీ కూడా నలుగు పెట్టింది. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. శనివారం పొద్దున మాత్రం ఏడుపే వచ్చింది. ఆ ఊళ్ళో నాకంటూ ఉన్నది అదొక్కటే.

కూరగాయల బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానకి పోయి, రెండు గేదెల వెనక వరసలో నిలబడ్డాను. డాక్టరుగారు ముందు నవ్వి, తర్వాత చూశారు. పేల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి దూది మీద వేశారు. దూది ఎర్రబడింది.

"గజ్జి కాదమ్మా. దూకే పేలు. ఇవి వాటి రెట్టలు, తాగిన రక్తమే. ఒక్కటి కుట్టినా దీని ఒంటికి పడదు."

ఒక సూది వేసి, రోజూ దువ్వమన్నారు. అది నాక్కుంటుంది కాబట్టి పసుపు, వేపాకు, కుక్కలకి చల్లే పేల పౌడరు ఏవీ పూయొద్దన్నారు. అది పడుకునే బట్టలన్నీ వేడినీళ్ళలో నానబెట్టి ఎండలో వేయకపోతే సూది దండగేనన్నారు.

ఇంటికొచ్చి నా పక్క అంతా దులిపాను. ఒక్క పురుగూ లేదు. ఈలోగా పిల్లి బుట్టలోంచి దూకి, తిన్నగా పెద్దమ్మ గదిలోకి వెళ్ళి, ఆమె బొంత మీద రెండు చుట్లు తిరిగి పడుకుంది. బొంత నిండా పసుపు పాదాలు. అంచు ఎత్తితే పేలు చిటపటా ఎగిరాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, పెద్దమ్మ గోడకేసి చూస్తూ నిలబడింది.

"పగలు నువ్వు ఆఫీసుల ఉంటవ్," అంది చివరికి. "అది ఒక్కతే ఉంటే మనసొప్పలే. జర పండనిచ్చిన."

నేను నేలమీద కూలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కాళ్ళు గోక్కుంటూ.

ఆదివారం గడువు పూట ఇద్దరం కలిసి నీళ్ళు కాచాం. ఆమె చీర ఎగదోపి తొట్లో బొంత తొక్కుతుంటే, నేను మెట్టు మీద పిల్లిని దువ్వాను. బొంత ఆరేస్తూ ఆమె నెమ్మదిగా అంది:

"రేపు నువ్వు గది ఖాళీ చేసినా, పిల్లిని మాత్రం ఈడనే ఇడువు."

ఇవ్వనంటే ఇవ్వనని వాకిట్లోనే పోట్లాటకి దిగాను. ఇవ్వాల్సిందేనని ఆమె. పిల్లి మమ్మల్నిద్దరినీ వదిలేసి, ఆరేసిన బొంత నీడలోకి వెళ్ళి పడుకుంది.