జపాను రేకు గుర్రం

మొన్న మా మనవడు ఒక అట్టపెట్టె విప్పుతుంటే గదంతా కొత్త రంగు వాసన కొట్టింది. వాడికిష్టమైన జపాను సినిమాల వరసలోని రాక్షసుడి బొమ్మ అట. తోక, గోళ్ళు, వీపు మీది ముళ్ళు అన్నీ సినిమాలో ఉన్నట్టే ఉన్నాయని నాకు చూపిస్తూ, బీరువాలో ఇదివరకే బారులు తీరిన బొమ్మల పక్కన దానికి చోటు సర్దుతున్నాడు. నేను బొమ్మను సరిగా చూడనే లేదు. కొంచెం కిరసనాయిలు, కొంచెం తీపి కలిసినట్టుండే ఆ వాసన నన్ను ఆదోని బజారులో ఖాదర్ సాబు అంగడి మెట్ల మీదికి తీసుకుపోయి నిలబెట్టింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది పత్తి ఊరు. చలికాలం చివర్లో ఆస్పరి వైపు నుంచి, కోడుమూరు వైపు నుంచి పత్తి బండ్లు తెల్లవారకముందే బారులు కట్టి వస్తుంటే, దారి పొడుగునా తుమ్మముళ్ళకు దూది పింజలు చిక్కుకుని కొంగలు వాలినట్టు కనిపించేవి. జిన్నింగు మిల్లుల ధూళి, నూనె గానుగల దగ్గర చెనిక్కాయల చెక్క వాసన, ఎద్దుల మెడగంటలు, నీళ్ళ కోసం బిందెలతో కొళాయి దగ్గర ఆడవాళ్ళ పోట్లాటలు, వీటి మధ్యనే మేము పెరిగాం. ముళ్ళకు చిక్కిన పత్తిని ఏరి పావడా ఒడిలో నింపుకుని పోతే, బొరుగుల అవ్వ దాన్ని తీసుకుని ఒడి నిండా బొరుగులు పోసి, పైన ఒక బెల్లం ముక్క పెట్టేది. వేళ్ళ నిండా గీతలు, నోటి నిండా బెల్లం.

మా నాయన పత్తి మార్కెట్టులో కాటా వేసేవాడు. సినిమా అంటే ఆయనకు పిచ్చి. రేకుల కప్పు కింద, ఆడవాళ్ళ వైపు దుప్పటి అడ్డం కట్టిన టాకీసులో బొంబాయి నుంచి వచ్చే కత్తియుద్ధం సినిమాలు ఆడేవి. వాటిలో ఒక వరస సినిమాలకు మా వీధి వీధంతా దాసోహం. వాటి హిందీ పేర్లు మాకెవరికీ నోరు తిరిగేవి కావు. మొదటి నల్లగుర్రం, రెండో నల్లగుర్రం, మూడో నల్లగుర్రం అనేవాళ్ళం. రౌతు ముఖానికి గుడ్డ కట్టుకుని ఉండేవాడు గనక మా అభిమానమంతా గుర్రానికే దక్కింది. అది కోటగోడ దూకితే కింద కూర్చున్నవాళ్ళ చెనిక్కాయల పొట్టు చప్పుడు ఒక్కసారి ఆగిపోయేది.

రెండో నల్లగుర్రం వచ్చి పోయిన ఏడాదిలోనే ఖాదర్ సాబు అంగడికి ఆ సరుకు వచ్చింది. రిబ్బన్లు, పిన్నీసులు, అత్తరు సీసాలు అమ్ముకునే ఆయన, బొంబాయి వ్యాపారులెవరో జపానుకు రాసి చేయించినవంటూ ఒక అద్దాల పెట్టెలో వాటిని పేర్చి పెట్టాడు. వెనకవైపు గుర్రం బొమ్మ ఉన్న గుండ్రటి చేతి అద్దం, గుర్రం తలకాయ ఈల, పట్టుకుంటే గాలికి ఎగిరిపోతుందా అన్నంత తేలికగా ఉండే ముసుగు రౌతు బొమ్మ, కాగితం విసనకర్ర, పెన్సిలు చెక్కుకునే బుల్లి గుర్రపుడెక్క. అన్నిటికీ పైన, తాళంచెవి తిప్పితే గిట్టలు టకటకలాడిస్తూ పరిగెత్తే రేకు గుర్రం. ఒక్కొక్కటీ సంపాదించడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. బొరుగులు మానేశాను. పత్తి ఏరి ఏరి ఖాదర్ సాబు పరుపులు కుట్టే తమ్ముడికిచ్చి ఈల తెచ్చుకున్నాను. పీర్ల పండగనాడు నాయన అద్దం కొనిచ్చాడు. ఆ ఎండాకాలం నాకు తట్టు పోసి, బతుకుతానో లేదో అన్నట్టయి లేచినప్పుడు, వేపాకు స్నానం చేయించిన రోజున నాయన రేకు గుర్రాన్ని తెచ్చి నా మంచం మీద పెట్టాడు. అన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో దాచుకునేదాన్ని. రోజుకొకసారి తీసి, తుడిచి, వాసన చూసి, మళ్ళీ పెట్టేదాన్ని.

ఇంట్లో మా అవ్వ, అమ్మానాయనలు, నేను, మా పెద్దమ్మ ఉండేవాళ్ళం. పెద్దమ్మ పేరు గోవిందమ్మ, నాయన అన్నగారి భార్య. ఆ పెద్దనాయనను నేను చూడలేదు. ఆయన పేరు నాగప్ప, జిన్నింగు మిల్లు లారీ తోలేవాడట. పెళ్ళయిన కొత్తలోనే యుద్ధమొస్తే మిలిటరీ లారీ తోలడానికి చేరి, సింగపూరు పోయి, అక్కడ జపాను వాళ్ళకు పట్టుబడ్డాడని కబురొచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఆచూకీ తెలియదన్నారు. యుద్ధం ముగిసింది, స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రం వచ్చింది, పెద్దనాయన మాత్రం రాలేదు. పెద్దమ్మ ప్రతి ఉదయం వాకిలి ఊడ్చి, తల దువ్వుకుని, కాసంత కుంకుమ పెట్టుకుని గడప మీద కూర్చునేది. పండగకు ఓళిగలు చేసిన రోజున మొదటిది ఆయన కోసం తీసి ఉట్టి మీద పెట్టేది. వీధిలో పేరంటానికి పిలిచేవాళ్ళు గానీ, కుంకుమ పళ్ళెం ఆమె ముందుకొచ్చేసరికి పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడాన్ని ఆమె చూసేది. తనే వేలు ముంచి పెట్టుకుని, తల వంచుకుని వచ్చేసేది.

నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే తరగతికి వచ్చాను. ఒకనాడు మధ్యాహ్నం రేకు గుర్రాన్ని తిరగేసి, పొట్ట కింద అక్షరాలు కనిపెట్టి, నా చదువు అందరికీ తెలియాలని గట్టిగా చదివాను. మేడ్ ఇన్ జపాన్.

అవ్వ చెనిక్కాయలు ఒలుస్తున్నది. చేట పక్కన పెట్టి లేచింది. "ఏందే అదీ? జపాను వాళ్ళు సేసిందా? నా ఇంట్లోకా?" అంటూ నా చేతిలోంచి లాక్కుని, నీళ్ళు కాగే పొయ్యిలో పడేసింది. రంగు బుడగలు బుడగలుగా లేచి నల్లబడింది, లోపలి స్ప్రింగు టప్పున విరిగింది. నేను ఏడ్చి గోల పెట్టాను. అవ్వ ఏడవలేదు. పొయ్యి ముందు నిలబడి కట్టెలు ఇంకా లోపలికి ఎగదోస్తున్నది.

ఆ సాయంత్రం పెద్దమ్మ పెరట్లో నా పక్కన కూర్చుని, డబ్బా తెరవమంది. అద్దాన్ని, ఈలను ఒక్కొక్కటే తిప్పి చూసి, వాటి మీద కూడా ఆ అక్షరాలే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. ఆమె ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"అట్లయితే ఆడినుంచి ఈడికి ఓడలు వస్తాండాయన్నమాట," అంది. "సామాన్లు వస్తాండాయంటే మనిషి రాడా, పాపా? ఆడ యాడన్నా పనిలో పెట్టుకోనుంటారు. రెక్కల కష్టం సేసే మనిషి ఆయన."

ఆ రాత్రి అన్నం కొత్త ఆకలితో తిన్నది. మరునాడు నన్ను వెంటబెట్టుకుని ఖాదర్ సాబు అంగడికి బయలుదేరింది. బజారుకు ఎప్పుడూ పోని మనిషి, కొంగు నిండుగా కప్పుకుని అద్దాల పెట్టె ముందు నిలబడి, ఇవి ఎవరు చేస్తారు, ఎవరు తెస్తారు, అక్కడికి కబురు పంపే దారి ఉందా అని అడిగింది. ఖాదర్ సాబు గడ్డం నిమురుకుంటూ అద్దాల పెట్టె వైపు చూశాడు.

"నాకు బొంబాయి దాకానే తెలుసమ్మా," అన్నాడు. "అయితే ఎమ్మిగనూరులో ఈరన్నని ఒకాయన ఉండాడు. మగ్గం నేస్తాడు, నాకు తువ్వాళ్ళు తెచ్చిస్తాడు. మొన్న ఈ పెట్టె సూసి మొగం తిప్పుకోని మెట్లు దిగి పోయినాడు. ఏందప్పా అంటే, జపానోళ్ళ జైల్లో ఉండి వచ్చినా సాబూ అన్నాడు. ఆయన్ను అడిగి సూడు తల్లీ."

ఎమ్మిగనూరు తేరు జాతర దగ్గర పడింది. పెద్దమ్మ జాతరకు పోతానంటే అవ్వ వద్దనలేదు, ఏనాడూ ఏదీ అడగని కోడలు కదా. నాయనకు మార్కెట్టులో తీరిక లేక మమ్మల్నిద్దర్నీ బస్సెక్కించాడు. పెద్దమ్మ పెళ్ళినాటి చీర కట్టుకుంది. దారంతా కిటికీలోంచి చూస్తూ ఏదో గొణుక్కుంటున్నది, ఏమేమి అడగాలో వల్లె వేసుకుంటున్నట్టు. దిగాక తేరు వైపు చూడకుండానే, జనానికి ఎదురీదుతూ, దారిలో కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ మగ్గాల వీధికి పోయాం. జాతర రోజు గనక వీధంతా నిశ్శబ్దంగా ఉంది. ఒక్క ఇంట్లో మాత్రం మగ్గం ఆడుతున్నది.

ఈరన్న సన్నగా, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. "ఎవరమ్మా?" అన్నాడు మగ్గం గుంతలోంచి లేవకుండానే.

"ఆదోనిలో లారీ తోలే నాగప్ప పెండ్లాన్నప్పా," అంది పెద్దమ్మ. "నువ్వు ఆడ ఉండి వచ్చినావంట. ఆయన్ను యాడన్నా సూసినావేమో అడుగుదామని వచ్చినా."

మగ్గం ఆగింది. ఆయన పెద్దమ్మ నుదుటి వైపు, గాజుల వైపు చూశాడు. చేతులు నూలు మీద పెట్టి తీశాడు.

"మీ యత్త సెప్పలేదా, వదినా?"

పెద్దమ్మ మగ్గం పక్కనే నేల మీద కూర్చుంది.

"నేను తిరిగొచ్చిన నెలలోనే ఆదోనికి వచ్చినా. నువ్వు నీళ్ళకు పోయినావని సెప్పింది ముసలమ్మ. ఆమెకు సెప్పినా. ఎవురికీ సెప్పొద్దని నా సేత ఒట్టు ఏయించుకుండె. తానే నిదానంగా సెప్తానన్నెది. సెప్పింటాదనుకుంటి."

ఆయన మెల్లగా, మా వైపు చూడకుండా చెప్పాడు. అడవిలో రైలు దారి వేయించారట. జ్వరమట. తామిద్దరూ ఒకే పాకలో పడుకునేవాళ్ళట. తక్కినవాళ్ళతో కలిసి తనే గుంత తవ్వాడట.

"ఆఖర్న ఏమన్నా అన్నెనా?" అంది పెద్దమ్మ.

"మాట పడిపోయిండె వదినా. ఏమీ అనలే."

"ఏ నెల?"

"నెలలు యాడ తెలుస్తాయి? ఆడ ఎప్పుడూ వానే."

నా మెడలో గుర్రం తలకాయ ఈల వేలాడుతున్నది. ఆయన చూపు దాని మీద పడగానే గుప్పిట్లో మూసేశాను. "ఉండనీలే పాపా," అన్నాడు. "పిల్లోళ్ళు ఊదుకునేది అదేం సేసింది." ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. పెద్దమ్మ గటగటా తాగి, చెంబు కింద పెట్టి, లేచింది. బయట తేరు కదిలినట్టుంది, జనం అరుపు వినిపించింది.

ఇంటికొచ్చాక ఆమె ఏడుస్తుందని ఎదురు చూశాను. కాళ్ళు కడుక్కుని, అవ్వ ఎదురుగా కూర్చుంది. "ఈరన్నను సూసొచ్చినా అత్తా," అంది. అవ్వ చేతిలోని చెనిక్కాయ అట్లే ఉండిపోయింది.

"ఎందుకు సెప్పలే?"

అవ్వ ఆ కాయను చేటలో పడేసింది. "నేను తెల్లకోక కట్టి మూల కూసున్నెది సూసినావు కదా గోవిందా. నిన్ను గూడా ఆ మూలకే తోసేదానికి నాకు సెయ్యి రాలే." ఒలిచిన గింజలు కూడదీస్తూ, "నోటితో అంటే వాడు నిజంగానే సచ్చిపోతాడనిపించె," అంది.

"నీ కొడుకు సావకుండా ఉండేదానికి నన్ను వాకిట్లో కూసోబెట్టినావు," అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నాడే తెల్సింటే ఏడ్సింటి. ఏడ్సి, లేసి, ఏదో ఒక దావ పట్టింటి. నా వయసంతా ఆ కడప మీదనే పోయె కదా, అత్తా."

కబురు పాకి వీధి ఆడవాళ్ళు వచ్చారు, జరగవలసింది జరిపించాలని. పెద్దమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడింది. "ఆయన పోయినప్పుడు రాని కార్యానికి ఈ పొద్దు ఏం వచ్చినారు? పోండమ్మా," అని తలుపు వేసింది. సబ్బునీళ్ళు కలుపుకుని గాజులు ఒక్కొక్కటే, ఒక్కటీ చిట్లకుండా, తనే తీసుకుంది. కుంకుమ మాత్రం చెరపలేదు. దానికి వీధి వీధంతా ఏమేమో అన్నది. మా నాయన అన్న కోసం ఏడ్చాడు, తల్లి మీద అరిచాడు, మళ్ళీ తల్లి కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. ఆయనకూ తెలియదు పాపం.

నెల తిరక్కముందే పెద్దమ్మ ఎమ్మిగనూరు పోయింది. ఈరన్న భార్య పక్కన కూర్చుని కండెలు చుట్టడం నేర్చుకుంది, తర్వాత మగ్గం ఎక్కింది, ఒక చిన్న గది అద్దెకు తీసుకుంది. నాలుగో నల్లగుర్రం వచ్చినప్పుడు నాయన నన్ను రమ్మన్నాడు. నేను పోలేదు. డబ్బాలోని సామానంతా ఖాదర్ సాబు కూతురుకు ఇచ్చేశాను. ఆ గుర్రం గోడ దూకడం చూసి చప్పట్లు కొట్టే మనసు నాలో పోయింది. అవ్వ తిండి తగ్గించి, మాట తగ్గించి, చివరికి పక్షవాతంతో మంచం పట్టింది. పెద్దమ్మ మూట కట్టుకుని తిరిగొచ్చింది. అవ్వ పోయేదాకా ఎత్తి దించి, కడిగి, గంజి పట్టి అన్నీ తనే చేసింది. కానీ ఒక్కసారి కూడా అత్తా అని పిలవలేదు. "ముసలామె అన్నం తినిందా?" అనేది మా అమ్మతో. అవ్వ ఆ పిలుపు కోసమే చెవులు రిక్కించుకుని పడుకున్నట్టు ఉండేది.

ఇప్పుడు ఆదోనిలో ఆ టాకీసు లేదు. జిన్నింగు మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, పత్తి లారీల్లో పట్టాల కింద బిగించుకుని పోతుంది, ముళ్ళకు చిక్కదు. ఖాదర్ సాబు అంగడి చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పెద్దమ్మ పోయి కూడా చాలాకాలమైంది. పోయిన తిథి తెలియనివాళ్ళకు పెద్దల అమావాస్య నాడు పెడతారు గనక, ఏటా ఆనాడు మా ఇంట్లో పెద్దనాయనకు ఒక ఆకు వేస్తాం. పోయినేడు మనవడు అన్నం ముద్ద పట్టుకుని, "ఈ తాత ఎట్లా ఉండేవాడు?" అని అడిగాడు. పొడుగా, పొట్టా, నవ్వేవాడా, కోపిష్టా, నాకు తెలియదు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఆ ముఖాన్ని చూసినవాళ్ళలో ఇప్పుడు ఒక్కరు కూడా మిగల్లేదు.