దోమల మందని చెప్పాను

ఇది రాయకుండా చనిపోకూడదని ఎన్నో ఏళ్లుగా అనుకుంటూ మోస్తున్నాను. ఇక ఆగడానికి వీల్లేదు. వర్ధన్నపేట రోడ్డు మీద మూతపడిన మా ఆయిల్ డిపో స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. వచ్చే వారం అక్కడ బోరు వేస్తారట. ఆ నేలలో ఏం ఇంకిందో తెలిసి దాచినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్నే.

డెబ్బయ్యవ దశకంలో నేను ఆ డిపోలో గుమాస్తాను. కిరసనాయిలు ట్యాంకు భూమిలో ఉండేది. గీతలున్న కొలకర్రను అందులోకి దింపి, ఎంతవరకు తడిసిందో చూడటం నా పని. శనివారం సాయంత్రం తడిసిన గీత కన్నా సోమవారం పొద్దున తడి కిందికి దిగి ఉండేది. ఆదివారం డిపో తెరవం. మరి నూనె ఎక్కడికి పోయింది? ఎండకు ఆవిరైందనుకున్నాను. వానాకాలంలోనూ దిగింది. అడుగు తుప్పుపట్టి కారుతోందని అప్పుడు అర్థమైంది. డిపో యజమాని సేటుకు చెప్పాను. పండగలు పోనీ, చూద్దామన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. మిగతా చదువంతా హనుమకొండ లైబ్రరీలో కూర్చుని సంపాదించుకున్నదే. ఏ సందేహం వచ్చినా డిపో వెనక వాడలో నన్నే అడిగేవారు. దాన్ని మించిన గౌరవం నాకు లేదు.

ఆ వాడకు ఒకే బావి. ఒకరోజు బియ్యం మిల్లులో పనిచేసే కొమురమ్మ చెంబుతో ఆ నీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"తమ్మీ, జర వాసన సూడు. గ్యాసునూనె కంపు కొడ్తానయ్. మీ డిపోదేనా?"

నీటి మీద రంగురంగుల పొర తేలుతోంది.

"మాది కాదక్కా. మలేరియావోళ్లు దోమల మందు పోసిన్రు. పైన నూనె ఉంటే దోమపిల్లలకు ఊపిరాడది. పుస్తకంల సదివిన."

"మరి మా బర్రె మూతి పెడ్తలేదు గదా."

"బర్రె సదువుకున్నదా అక్కా?"

ఆమె నవ్వింది. "నిజమే తియ్యి. సదువుకున్నోనివి, నీకు ఎర్కుంటది" అని చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

మలేరియా సిబ్బంది మురికిగుంటల్లో నూనె చల్లడం వాడంతా చూసిందే. అందుకే నమ్మారు. తాగే బావిలో చల్లరని నాకు తెలుసు. చదివిన నిజాన్నే తీసి అబద్ధానికి వాడాను. ఉద్యోగం పోతుందనా? కొంత. అంతకన్నా, అన్నీ తెలిసినవాడని పేరున్న నేను, తెలిసీ చెప్పనివాడిగా ఆమె ముందు నిలబడలేక కాదా? మరుసటి రోజు నుంచి నేను మాత్రం దూరాన ఉన్న మా ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకున్నాను.

నల్లా వచ్చేదాకా వాళ్లు ఆ నీళ్లే తాగారు. కడుపునొప్పులు, నోటిపూతలు. కొన్నేళ్లకు కొమురమ్మ దవాఖానలో చనిపోయింది. ఆ నీళ్ల వల్లేనని చెప్పలేను. కాదనే హక్కు నాకు లేదు.

ట్యాంకు ఇంకా తూర్పు గోడ పక్కన భూమిలోనే ఉంది. అక్కడ బోరు వేయకండి. మట్టినీ, పాత బావి నీళ్లనూ పరీక్ష చేయించండి. ఇక్కడ నా పేరు రాయలేదు గానీ, మున్సిపల్ ఆఫీసులో ఇచ్చిన అర్జీ మీద పేరూ సంతకమూ ఉన్నాయి. పిలిస్తే వచ్చి చెబుతాను.

నూనె నేలలోకి ఎలా పాకుతుందో చెప్పే పుస్తకాలు వెతికి ఇచ్చిన లైబ్రేరియన్ రామనాథం గారికి, నేను అడగగానే వచ్చి ట్యాంకు చుట్టూ సున్నంతో గీత గీసిన వెల్డర్ యాకయ్యకు కృతజ్ఞతలు. కొమురమ్మ కూతురు సరోజనకు కూడా. నేను చెప్పిందంతా ఆమె గడపలో నిలబడే విన్నది. లోపలికి రమ్మనలేదు. మీ అమ్మకు అబద్ధం చెప్పానని అన్నాక నాకు తేలికైంది. ఆమెకు కాలేదు. కాసేపటికి చెప్పులు వేసుకుని, "బోరు బండాయన ఇల్లు నాకెర్కే, నడువు" అని నాకన్నా ముందు వీధిలోకి దిగింది.