కలిసి ఉన్నట్టు రుజువు

మేమిద్దరం కలిసి బతుకుతున్నామని కాగితాల మీద చూపాల్సిన రోజు వచ్చేదాకా, చూపడానికి నా దగ్గర ఏమీ లేదన్న సంగతి నాకు తెలియదు.

నా భార్య బెల్లంపల్లిలో ఒక ఆస్పత్రిలో నర్సు. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పెళ్లయి అప్పటికి ఆరేళ్లు. న్యూజిలాండ్ పోదామన్న ఆలోచన నాదే. ఇంగ్లీషు పరీక్ష రాసింది, పాసయింది, అక్కడి ఆస్పత్రివాళ్లతో మాట్లాడి ఉద్యోగం తెచ్చుకుంది మాత్రం ఆమె. ఆ దేశంలో స్థిరంగా ఉండడానికి కావలసిన అర్హతలన్నీ ఆమెవే. భర్తగా నా పేరు ఆ దరఖాస్తులో చేరాలంటే ఒక్కటే షరతు. ఇద్దరం కనీసం ఏడాదిపాటు ఒకే ఇంట్లో కాపురం చేసినట్టు రుజువులు పెట్టాలి.

కరీంనగర్ బస్టాండు దగ్గర వీసా కాగితాలు చూసే ఒకతని ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాం.

"కిరాయి కాగితంల ఇద్దరి పేర్లున్నయా సార్?"

"లేవు. ఇక్కడిది నా పేరు మీద, అక్కడిది ఆమె పేరు మీద."

"బ్యాంకుల ఇద్దరికి కలిపి ఖాత?"

"లేదు."

"పోనీ, ఫోన్ల పెట్టుకున్న మెసేజ్‌లన్న సూపియ్యుండ్రి. గవి గూడ నడుస్తయ్."

ఆమె తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. అతను వేలితో జరుపుతూ చదివాడు. ఆమె రాసినవి పొడుగ్గా ఉన్నాయి. వార్డులో కవలలు పుట్టిన సంగతి, రెండు రోజులుగా నీళ్లు రాని సంగతి, తన మోకాలి నొప్పి, ఈ ఆదివారమన్న వస్తవా అన్న ప్రశ్న. నావి "క్లాసుల ఉన్న", "సరే", "జూస్తా". అతను కొంతసేపు చదివి, ఫోన్ ఆమె వైపు మెల్లగా జరిపాడు.

"ఇవి వద్దు తియ్యుండ్రి మేడం," అన్నాడు.

బెల్లంపల్లి దూరమేమీ కాదు. పెద్దపల్లిలో రైలెక్కితే పొద్దున బయలుదేరినవాడు మధ్యాహ్నం అన్నానికి అక్కడ ఉండొచ్చు. ఆదివారాలు స్పెషల్ క్లాసులని చెప్పేవాణ్ని. ఉండేవి కూడా. లేని ఆదివారాలూ ఉండేవి. అప్పుడు గదిలో పడుకుని క్రికెట్ చూసేవాణ్ని. ఆమే వచ్చేది. వచ్చి ఇల్లు ఊడ్చి, వండి, మాసిన బట్టలు పిండి ఆరేసి, సోమవారం మొదటి బస్సుకు పోయేది. నేను దాన్నే కాపురం అనుకున్నాను.

"ఒక పని జెయ్యుండ్రి," అన్నాడు అతను. "ఎటన్న పోయి ఫోటోలు దిగుండ్రి. నాలుగు జతల బట్టలు కొంచవోండ్రి. ఒక్కొక్కటి ఒక్కో ఏడు దిగినట్టుండాలె. ఫికర్ వెట్టుకోకుండ్రి, ప్రింట్లు కొట్టిచ్చే పని నాది."

ఆమె ఫోన్ తీసి సంచిలో వేసుకుంది. నేను ఒప్పుకున్నాను.

ఆ వారమే ధర్మపురి వెళ్లాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని, బట్టల సంచితో గోదావరి రేవుకు దిగాం. మెట్ల మీద ఒక ఫోటో, నీళ్లలో నిలబడి ఒకటి, గుడి గోపురం కనబడేటట్టు ఒకటి. దారిన పోయేవాళ్లను బతిమాలి తీయించుకున్నాం. ఆమె ప్రతిసారీ ఆడవాళ్ల గదిలోకి వెళ్లి చీర మార్చుకుని వచ్చేది. నేను గోడ చాటున అంగీ మార్చుకునేవాణ్ని. రేవులో కొబ్బరికాయలు అమ్మే ముసలామె ఇదంతా చూస్తూ ఉంది.

"ఏం కొడుకా, పొద్దటికెల్లి నాలుగు అంగీలు మార్చినవ్. సినిమ గిట్ల తీస్తుర్రా?"

"లేదవ్వా," అంది నా భార్య. "మాకు పెండ్లయిందని సర్కారుకు సూపియ్యాలె."

"గట్లనా! ఇద్దరు కయ్యం వెట్టుకుంటే సూత్తె సాలదా? మొగడు పెండ్లాలని ఎవ్వలైన జెప్తరు."

"కయ్యానికైన మనిషి ఇంట్ల ఉండాలె గదవ్వా."

ముసలామె పకపకా నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు ఎవరో తీసిన ఫోటోలో మేమిద్దరం నిజంగానే బాగున్నాం. ఆమె చేయి నా భుజం మీద ఉంది.

తిరుగు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆమె ఆ ఫోటోలను ఒక్కొక్కటే చూసింది. చాలాసేపు చూసింది.

"గివి పంపకు," అంది.

"ఏమాయె? మంచిగనే వచ్చినయ్ గద."

"మంచిగ వచ్చినందుకే. జూస్తుంటె నాక్కూడ నిజమనిపిస్తుంది." తర్వాత నా వైపు తిరిగింది. "నేను అబద్ధం రాయ. నువ్వు బెల్లంపల్లికి వచ్చి ఏడాది నాతోని ఉండు. గాడ కాలేజీల్లేవా? నేను ఆస్పత్రోళ్లను ఏడాది ఆగుమని అడుగుత. ఆగుతరు. గప్పుడు నిజమే రాద్దాం, ఇద్దరం పోదాం."

"సిలబస్ అయిపోనీ," అన్నాను.

సిలబస్ అయిపోయింది. పరీక్షలు అయిపోయాయి. కొత్త పిల్లల అడ్మిషన్లు మొదలయ్యాయి. ఆమె అడిగిన ప్రతిసారీ నా దగ్గర ఒక కారణం ఉండేది. అసలు కారణం ఒక్కటే, అది ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. భార్య కిరాయికి ఉంటున్న ఇంట్లోకి సంచి పట్టుకుని పోతే స్టాఫ్ రూంలో నవ్వుతారని నా భయం. ఆమె వెంట సముద్రాలు దాటడానికి సిద్ధపడినవాణ్ని, గోదావరి దాటడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది.

ఆమె ఏడాది ఆగింది. ఆస్పత్రివాళ్లు కూడా ఆగారు. ఆ ఏడాదిలో నేను బెల్లంపల్లి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ సాయంత్రం రైలుకే తిరిగొచ్చాను. చివరికి ఆమె తన ఒక్క పేరుతోనే దరఖాస్తు పెట్టింది. భర్త ఉన్నాడని, వేరుగా ఉంటున్నామని రాసింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆమె వెళ్లే రోజు నేను పెద్దపల్లి స్టేషన్‌కు పోయాను. బెల్లంపల్లి నుంచి హైదరాబాద్ పోయే రైలు అక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. జుట్టు కత్తిరించుకున్నట్టుంది. ఆ సంగతి నాకు తెలియదు.

"వస్తవనుకోలే," అంది.

"వచ్చిన."

"కాజీపేట దాక రారాదు? నా పక్క సీటు ఖాళీగనే ఉంది."

గంటకు పైగా ప్రయాణం. ఆ రోజు కాలేజీకి సెలవు. టికెట్ లేకపోతే జరిమానా కట్టొచ్చు. ఇవన్నీ అప్పుడే తోచాయి. ఎక్కాలనీ ఉంది.

"బయట మోటర్‌సైకిల్ పెట్టి వచ్చిన," అన్నాను. "స్టాండుల గూడ పెట్టలే."

ఆమె తల ఊపింది. కోపం కనబడలేదు. "పైలంగ ఉండు," అంది. రైలు కదిలింది.

నేను బయటికి వచ్చి చూశాను. బండి పెట్టిన చోటే ఉంది.