ఒకే బెల్టు, ఒకే ఆటో

2023 వేసవి. నూజివీడులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను హెడ్ నర్సుని. మామిడి సీజన్లో మాకొచ్చే కేసులు నాకు కంఠతా వచ్చు. చెట్టు మీంచి పడ్డవాళ్లు, సొన పడి మొహం కాలినవాళ్లు, వడదెబ్బ తగిలినవాళ్లు. ఆ ఏడాది మాత్రం కొత్త వరస మొదలైంది. ఆగిరిపల్లి దారిలో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. అందరికీ ఒకటే బాధ: మంట, చలిజ్వరం, నడుంనొప్పి. మేం యూటీఐ అంటాం, అంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్.

వాళ్లలో నాగమణి అప్పటికి మూడోసారి వచ్చింది.

"ఏంటమ్మా, మందులు వాడావా, మధ్యలో మానేశావా?"

"అన్నీ వాడానండీ సిస్టర్‌గారూ."

"మరి నీళ్లు?"

తల దించుకుంది. "పొద్దున టీ తాగి వెళ్తానండీ. మళ్లీ ఇంటికొచ్చాకే."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ ఎండల్లోనా! నీకేమన్నా పిచ్చా?"

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఫ్యాక్టరీలో ఒక్కొక్కరి నడుముకీ, ఎటు కదిలినా కంప్యూటర్‌కి తెలిసిపోయే ట్యాగ్ పెడతారట. కాయలు కదిలొచ్చే బెల్టు దగ్గర్నుంచి పక్కకి వెళ్తే అది ఐడిల్ టైమ్, పని చెయ్యని సమయం కింద లెక్క. బాత్రూమ్‌కి వెళ్లినా ఐడిలే. గోడ మీది టీవీలో స్కోరు అందరి ముందూ తగ్గిపోతుంది. అది ఒక్కరి స్కోరు కాదు, బెల్టు మొత్తానిది. అది పడిపోతే ఇన్సెంటివ్ అందరికీ పోయినట్టే. కలెక్టర్ రకం మామిడికాయలకి తొడిమలు కోసే నాగమణి బెల్టులో ఉన్నవాళ్లంతా ఆమె ఊరివాళ్లే. పొద్దున, సాయంత్రం ఒకే ఆటోలో వచ్చిపోతారు.

"సూపర్‌వైజర్ ఏమీ అనరండీ. ఆటోలోనే..." అని ఆగిపోయింది.

రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీలు సరిగ్గా వడపోస్తున్నాయో లేదో చెప్పేది అదే. ఇలాగే సాగితే కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పేశారు. మాటిమాటికీ నీళ్లు తాగాలి, బాత్రూమ్‌కి వెళ్లనివ్వాలి అని డాక్టరుగారి చేతే సర్టిఫికెట్ రాయించి పంపాను. అది చాలదని ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కి నేనే ఫోన్ చేశాను.

"తప్పకుండా మేడమ్, ఆమెకి పర్మిషన్ పెట్టేస్తాం" అన్నాడు అవతలి కుర్రాడు, ఎంతో మర్యాదగా.

"మరి బెల్టు స్కోరు?"

"అది సిస్టమ్ వేసుకుంటుంది మేడమ్. మా చేతుల్లో లేదు."

"మరెవరి చేతుల్లో ఉంది బాబూ?"

"హెడ్ ఆఫీసులో అడగాలి మేడమ్" అన్నాడు. ఆ అడగడం ఎప్పటికీ జరగదని ఇద్దరికీ తెలుసు.

వారం తిరక్కుండానే నాగమణి మళ్లీ వచ్చింది. ఈసారి జ్వరం లేదు.

"సిస్టర్‌గారూ, మీకు దణ్ణం పెడతాను, నాకు బాగైపోయిందని రాయించి ఇప్పించండి."

"బాగవలేదు కదే తల్లీ!"

"ఆటో ఎక్కనివ్వట్లేదండీ. నీ రోగం కోసం మా పిల్లల నోటికాడ కూడు తీస్తావా అంటోంది మా రమణమ్మత్త. ఎండలో నడిచి వెళ్తున్నా. లేటైతే దానికీ స్కోరు పోతోంది." ఏడుస్తూనే ఉంది. "ఊళ్లో ఎవరూ పలకట్లేదండీ. నీళ్లు తాగకపోతే ఒక్క జబ్బే కదండీ."

రాయించనన్నాను. కోప్పడ్డాను, బతిమాలాను. అలాగేనండీ అని వెళ్లిపోయింది. ఫ్యాక్టరీకి వెళ్లి, నాకు పర్మిషన్ అక్కర్లేదు, నయమైపోయింది అని తనే చెప్పుకుందట. మళ్లీ ఆటో ఎక్కనిచ్చారు.

మే నెలాఖర్లో ఒక మధ్యాహ్నం అదే ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. బెల్టు మీదే పడిపోయింది. సెలైన్ పెట్టి ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ మొదలుపెట్టాం. లోపలికి ఎంత వెళ్తోంది, మూత్రం ఎంత వస్తోంది అని అందులో రాస్తాం. వచ్చిందల్లా డికాషన్ రంగులో నాలుగు చుక్కలు. మర్నాడు విజయవాడ పెద్దాసుపత్రికి పంపాలన్నారు డాక్టరుగారు.

ఆ పొద్దున అంబులెన్స్ కోసం చూస్తుంటే, డ్యూటీకి వెళ్తూ ఆ బెల్టు వాళ్లంతా వార్డులోకి వచ్చారు. వాళ్లలో రమణమ్మ ఎవరో తెలియగానే నాకు కోపం ఆగలేదు. "సంతోషమేనా? చంపుకున్నారుగా దాన్ని!" అని అరిచాను.

రమణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మేం మాత్రం తాగుతున్నామేంటి సిస్టరమ్మా?" అంది.

అప్పుడు చూశాను వాళ్లని. ఒక్కొక్కరి పెదాలు ఎండి, పగిలి, బీటలు వారి ఉన్నాయి. ఇద్దరి చేతుల్లో మా ఓపీ చీటీలున్నాయి. వార్డులో ఉన్న క్యాన్‌లోంచి గ్లాసుల్లో నీళ్లు పోసి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చాను. తీసుకున్నారు. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, పెదాలు తడుపుకుని, నిండు గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టేసి వెళ్లిపోయారు.

నాగమణికి ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. బెల్టు దగ్గర ఆమె చోట్లో వాళ్ల తోడికోడలు నిలబడుతోంది.

ఇన్నేళ్ల సర్వీసులో మందు లేని రోగాలు చూశాను, మందు కొనలేని రోగులనీ చూశాను. ఈ కేసులో రోగమేంటో తెలుసు, మందేంటో తెలుసు. అది ఊరికే వచ్చేది, చేతిలో పెట్టాను కూడా. తాగించలేకపోయాను.