పెద్ద గది చైనా పిల్లలకు, చిన్న గది నాకు

బావగారి మీద నాకు ఏళ్ళ నాటి కోపం ఒకటి ఉంది. ఈసారి వాళ్ళ ఊరు నేవన్ వెళ్ళినప్పుడు మొహం మీదే అడిగి తేల్చేద్దామనుకున్నాను.

నిన్న పొద్దున కోడలు లావణ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది.

"మామయ్యా... నాన్న లేరు."

లేరంటే?

మొన్న సాయంత్రమే నాతో మాట్లాడారు. వెనక గ్లాస్‌హౌస్‌లో గోంగూర మొలిచిందని గొప్పలు పోయారు. నిద్రలోనే పోయారట.

నాకు రాయడం సరిగ్గా రాదు. తెనాలిలో టీ హోటల్ నడిపినవాణ్ణి. రేట్ల బోర్డు తప్ప ఏమీ రాసి ఎరగను. మనవాళ్ళందరూ చూసేది ఈ వాట్సాప్ గ్రూపే కాబట్టి ఇక్కడే పెడుతున్నాను.

తెలియనివాళ్ళకు చెబుతున్నా. బావగారంటే సత్యనారాయణ గారు, లావణ్య నాన్న, నా వియ్యంకుడు. మావాడు ఐర్లాండ్‌లో ట్రాలీ అనే ఊళ్ళో హాస్పిటల్ డాక్టర్, నేను వాడి దగ్గర ఉంటాను. ఆయన ఈ దేశంలోనే నేవన్‌లో కొడుకు శ్రీను దగ్గర ఉండేవారు. మా ఇద్దరికీ భార్యలు పోయారు.

చెల్లెమ్మ పోయాక భోజనాల బల్ల బోసిగా ఉందని, ఏటా సమ్మర్‌లో ఎక్స్ఛేంజ్ మీద చదువుకు వచ్చే చైనా పిల్లలను ఇంట్లో పెట్టుకునేవారు. ఆయనే వండి పెట్టేవారు.

ఇప్పుడు నా కోపం సంగతి.

పెళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. మగపిల్లవాడి తండ్రిని. వీధివైపు పెద్ద గది ఇద్దరు చైనా ఆడపిల్లలకిచ్చి, నన్ను మెట్ల పక్క చిన్న గదిలో పడుకోబెట్టారు. కాళ్ళు చాపితే గోడకు తగిలేవి.

అడిగాను కూడా. "ఏం బావగారూ, మాకు ఇదేనా మర్యాద?"

"పెద్ద గది చుట్టాలకండీ. మీరు చుట్టమా?"

నవ్వుతూ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మగపెళ్ళివాణ్ణి పట్టుకొని చుట్టం కాదంటాడా!

ఆ కోపంలోనే టీకి కూర్చున్నాను. బావగారే అందరికీ పోస్తున్నారు. యూటింగ్ అనే పిల్ల కప్పులో పోయగానే, ఆ పిల్ల రెండు వేళ్ళతో బల్ల మీద టక్ టక్ మని కొట్టింది.

హోటల్ నడిపినవాడికి ఆ చప్పుడు అంటే ఏమిటో తెలుసు. "ఏరా, ఇంకా తేలేదేం?" అని. మా హోటల్లో అలా బల్ల కొట్టినవాణ్ణి లేపి బయటకు పంపేవాణ్ణి.

"ఏమ్మా! ఇదేమన్నా హోటలనుకున్నావా? పెద్దాయన చేత్తో పోస్తుంటే బల్ల కొడతావా?" తెలుగులోనే గట్టిగా అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరిగి చక్కగా నవ్వి, మళ్ళీ టక్ టక్.

బావగారికి నవ్వు ఆగక టీ ముక్కులోకి పోయింది. దగ్గుతూనే చెప్పారు.

"ఆగండి మహానుభావా! వాళ్ళ వైపు అది దణ్ణం పెట్టడమండీ. టీ పోసినవాళ్ళకు."

"వేళ్ళతో దణ్ణమా?"

"మీ రెండు చేతుల దణ్ణంలో మాత్రం ఎప్పుడైనా అంత నవ్వు ఉందా?"

అప్పటినుంచి నేను టీ పెట్టి ఇస్తే చాలు, బావగారు బల్ల మీద టక్ టక్. నన్ను ఉడికించడానికే. "హోటల్ వారు కదా, వెంటనే పలుకుతారు" అనేవారు. నేను కప్పు వెనక్కి లాక్కునేవాణ్ణి. నేను మాత్రం ఒక్కసారీ కొట్టలేదు.

ట్రాలీలో నాతో బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు లేరు. మావాడికి డ్యూటీలు. మనవరాలు "గ్రాండ్, తాతా" అని మెట్లెక్కి పోతుంది. ఏమడిగినా గ్రాండే, బాగుందనడానికి ఇక్కడివాళ్ళ మాట. నేవన్ వెళ్ళిన నాలుగు రోజులే నాకు మాటలు. అక్కడ ఆ చైనా పిల్లలకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు, అయినా బల్ల చుట్టూ ఒకటే గోల.

నిన్న లావణ్య మనవరాలిని తీసుకొని నేవన్ వెళ్ళిపోయింది. మావాడు డ్యూటీ దిగాక రేపు మేం బయల్దేరతాం. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నానని పక్కింటి ఐరిష్ ఆవిడ కేకు పట్టుకొచ్చింది. "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని ఇక్కడివాళ్ళ పరామర్శ మాట అని చెయ్యి పట్టుకుంది. ఆవిడే టీ పెట్టి నా కప్పులో పోసింది.



రెండు వేళ్ళతో బల్ల మీద కొట్టాను.

ఆవిడ ఇంకా కావాలనుకొని కప్పు అంచు దాకా నింపింది.

ఇది చెబితే పొట్ట పట్టుకొని నవ్వే మనిషి ఒక్కరే. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ బల్ల మీద పెట్టేశాను.

సరే. శ్రీనూ, ఇది నీకు.

ఈసారి చైనా పిల్లలిద్దరు పెద్దకర్మ అయిపోయిన తరవాతి ఆదివారం దిగుతున్నారట. "ఇక అవన్నీ ఎందుకు, క్యాన్సిల్ చేసేస్తా" అన్నావని లావణ్య చెప్పింది. అప్పటికి మైల ఉండదు. వంటకు మనిషి లేడంటావా, వందమందికి టిఫిన్లు పెట్టిన చేతులు నావి. క్యాన్సిల్ చెయ్యకు. నేను వచ్చి ఉంటాను.

పెద్ద గది ఆ పిల్లలకే ఇవ్వు. నాకు మెట్ల పక్క గది చాలు. నేను చుట్టాన్ని కాను.

బావగారూ, వెళ్ళి రండి. చెల్లెమ్మ టీ పోస్తే బల్ల కొట్టకండి, ఆవిడకూ నాలాగే కోపం వస్తుంది. అక్కడన్నా కాళ్ళు చాపుకొని ప్రశాంతంగా పడుకోండి.

శ్రీనూ, గురువారం సాయంత్రం లోపు చెప్పు. రమ్మనాలనుంటే రమ్మను, వద్దనుకుంటే వద్దని చెప్పు. చూద్దాం మామయ్యా అని మాత్రం అనకు.