కిటికీ వాళ్ళ ఎర్ర సాస్

మా ఊళ్ళో ‘కిటికీ’ అంటే గాలి కోసం తెరిచేది కాదు, ఆకలి వేస్తే పరిగెత్తేది. బస్సులు ఆగే చోటికి పక్కనే సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఒకటి ఉండేది. దాని గోడలో మనిషి తలా భుజాలూ పట్టేంత కంత. ఆ కంతలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, వేయించిన కోడి ముక్క పెట్టిన బన్ను కాగితంలో చుట్టి ఇచ్చేది. పైన ఎర్ర సాస్, పక్కన వేడివేడి బంగాళాదుంప ముక్కలు. తిన్నవాళ్ళు చొక్కా మీద ఎర్ర మరక వేసుకుని ఇంటికెళ్ళి తిట్లు తిని, మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆ కంత అద్దెకి తీసుకున్నది మా బావగారు. ఆ చెయ్యీ, ఆ సాసూ మా అక్కవి. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటుంది లోకం. అంటే అననీ. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నా మీద ఈగ వాలనివ్వలేదు ఆవిడ. అందుకే ఆవిడ కథ నేనే చెప్పాలి. ఊరికి వదిలేస్తే అందంగా చెప్పేస్తుంది. ఆవిడ కొంప ముంచింది ఆ అందమే.

బావగారు నూలు మిల్లులో మెకానిక్కు. మిల్లు మూతపడ్డాక ఏ పనీ దొరక్క, ఉన్న ఒక్క స్టవ్వూ పట్టుకెళ్ళి ఆ కంత వెనక పెట్టారు. బోర్డు లేదు, పేరు లేదు. జనమే ‘కిటికీకి పోదాం పద’ అనడం మొదలుపెట్టారు. తర్వాత బజారులో బల్లలూ కుర్చీలూ ఉన్న అసలైన కొట్టు తీసుకున్నప్పుడు, ఏం రాయమంటారని పెయింటర్ అడిగాడు. బావగారు అక్క పేరు రాయించాలని ముచ్చటపడ్డారు. అక్క పడనివ్వలేదు.

“ఊరు పెట్టిన పేరుండగా మళ్ళీ మనం పెట్టేదేంటండీ? అదే రాయించండి.”

అలా కిటికీ అయింది. ఆసుపత్రి రోడ్డులో ఒకటి, కాలేజీ ముందు ఒకటి, రైల్వే గేటు అవతల ఒకటి, తర్వాత పక్క ఊళ్ళలోనూ. ఎంత పెద్ద కొట్టయినా, అద్దాల తలుపులున్నా సరే, ముందు గోడకి ఒక కిటికీ ఉండి తీరాలి, బన్ను అందులోంచే చేతికందాలి. కట్టే మేస్త్రీలు నవ్వేవాళ్ళు. గుమ్మం పెట్టి మళ్ళీ గోడకి కన్నం కొట్టించుకునే పిచ్చోళ్ళని మిమ్మల్నే చూశాం అనేవాళ్ళు.

సాస్ మాత్రం ఒక్కచోటే తయారయ్యేది. ఊరి చివర పెద్ద వంటశాలలో, పెద్ద గంగాళంలో. టమాటాలు, ఎండుమిరప, వెల్లుల్లి, వెనిగర్, పంచదార. ఏది ఎంత అని అడిగితే ‘చేతికి తెలుసు’ అనేది అక్క. పొద్దున్నే వ్యాన్లు వరసగా వచ్చి నిలబడేవి. అందులో ఒకటి మా ఆయన నడిపేవారు. అక్క బన్ను అంచు తుంచి, గంగాళంలో ముంచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. వంటశాలలో గరిటె చప్పుడు కూడా ఆగిపోయేది. కళ్ళు తెరిచి ‘పొండి’ అంటేనే డ్రైవర్లు ఇంజన్లు స్టార్ట్ చేసేవాళ్ళు.

ఒకసారి ‘పొండి’ అనలేదు. మిరప పాతది, వాసన తేడాగా ఉంది, పారబోయమంది. ఆ రోజు అన్ని కొట్లలోనూ సాస్ లేకుండానే బన్నులు అమ్మారు. జనం గొడవ పెడతారనుకున్నాం. పెట్టలేదు సరికదా, ‘ఇవాళ అక్క ఒప్పుకోలేదంట’ అని ఒకళ్ళకొకళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. అప్పటికే ఆవిడ ఊరందరికీ అక్క అయిపోయింది.

సాయంత్రాలు మాత్రం ఆవిడ పాత కంత దగ్గరే. అన్ని కొట్లు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. బన్ను ఇచ్చి, తల బయటికి పెట్టి, ‘ఎలా ఉంది?’ అని ప్రతి మనిషినీ అడిగేది. అడగడమంటే మొక్కుబడికి కాదు. వాళ్ళు నమిలి మింగేదాకా కళ్ళార్పకుండా చూసేది. వెనకున్నవాళ్ళు విసుక్కున్నా సరే.

అలా ఉండగా అక్కకి జ్వరం వచ్చింది. మంచం పట్టించిన జ్వరం. జ్వరం పడితే నాలుక చవి చావడం మామూలే, తగ్గాక అదే వస్తుందిలే అనుకున్నాం. అందరికీ వచ్చినట్టే ఆవిడకీ వచ్చిందనుకున్నాం. రాలేదు. వాసన పోయింది, రుచి పోయింది. పంచదారా ఉప్పూ ఒక్కలాగే ఉన్నాయి. డాక్టరు, రావొచ్చు రాకపోవచ్చు అన్నాడట. ఈ సంగతి అక్క బావగారికి తప్ప పిట్టకి కూడా చెప్పలేదు. నాకు తెలిసింది చాలా కాలం తర్వాత, బావగారి ఆపరేషన్ అవుతుంటే ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు.

“రుచి తెలియని దాన్ని ‘పొండి’ అని ఏ మొహం పెట్టుకుని అంటానండీ? ఇంక మానేస్తాను” అందట అక్క.

“నా నాలుక ఉందిగా. నేను తింటాను, నువ్వు నా మొహం చూడు” అన్నారట బావగారు.

అదీ వాళ్ళ ఏర్పాటు. పొద్దున్నే ఇద్దరూ గంగాళానికి చెరోవైపు నిలబడేవాళ్ళు. ముందు బావగారు తినేవారు. కాపురం చేసి చేసి ఆయన మొహం అక్కకి కంఠతా వచ్చు. కనుబొమ్మ కదిలితే ఉప్పు, పెదవి బిగిస్తే పులుపు, అన్నీ తెలుసు. ఆయన మొహం విచ్చుకుంటే అక్క కూడా ఒక తుంపు నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ‘పొండి’ అనేది. మేమంతా అవతల నిలబడి, ముసలితనంలో మొగుడూ పెళ్ళాల సరసం చూడండర్రా అని నవ్వుకునేవాళ్ళం.

ఏర్పాటు మంచిదే. మనిషే మంచితనంతో దాన్ని పాడుచేశాడు.

మొదటి రోజుల్లో బావగారు నిజమే చూపించారట. కనుబొమ్మ కదిలిన ప్రతిసారీ అక్క మొహంలో రక్తం ఇంకిపోయేది. మళ్ళీ కలిపి, మళ్ళీ ఆయన వైపు చూసేది. ఆ చూపు తట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. ఒక రోజు కొంచెం తేడా ఉన్నా మొహం విప్పారు. అక్క నవ్వింది. అంతే, ఆ నవ్వుకి లొంగిపోయారు. తర్వాత ఆయన మొహం ఎప్పుడూ విచ్చుకునే ఉండేది. ప్రేమట ప్రేమ! వంటశాలలో ప్రేమకేం పని? తాళింపు మాడితే మాడిందని చెప్పాలి.

రుచి పోయిన నాలుకకి మంట ఒక్కటే తెలుస్తుంది. ఏదో ఒకటి తగలాలని అక్క చెయ్యి తెలియకుండానే మిరప ఎక్కువ వేసేది. వెనిగర్ ఘాటు ముక్కుకి తెలియదు కాబట్టి అదీ పోసేది. ఒక్క రోజులో మారిపోతే ఎవరైనా అరిచేవాళ్ళు. గోరంత గోరంత మారుతూ, ఊరు ప్రాణం పెట్టుకున్న సాస్ కాస్తా నోరు కాల్చే పులుసు నీళ్ళయింది. నాకు అల్సర్. ఆ సాస్ నోట్లో పెట్టుకుని ఏళ్ళయింది. లేకపోతే చెప్పి ఉండేదాన్ని, నా నోటికి అడ్డూ అదుపూ లేదని అందరికీ తెలుసు.

మరి ఊరికి అల్సర్ లేదుగా! ఊరంతా తింది. కంతలోంచి అక్క తల బయటికి పెట్టి ‘ఎలా ఉంది?’ అంటే, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ‘నీ చెయ్యి పడితే వేరే చెప్పాలా అక్కా’ అన్నారు. సందు మలుపు తిరిగాక పారేశారు. రావడం తగ్గించారు. వారం వారం వచ్చేవాళ్ళు పండక్కీ పబ్బానికీ వచ్చినట్టు వచ్చారు. ఎదురుపడితే మాత్రం ‘తీరిక లేదు అక్కా, పిల్లలు నీ బన్నే అడుగుతుంటారు’ అనేవాళ్ళు. అబద్ధం చెప్పినా కడుపు నింపేలా చెప్పాలంటే మా ఊరి తర్వాతే ఎవరైనా.

ముందు రైల్వే గేటు అవతల కొట్టు మూసేశారు. తర్వాత కాలేజీ ముందుది. సరిగ్గా అప్పుడే పెద్ద కంపెనీ వాళ్ళు రంగురంగుల దీపాలతో దుకాణం తెరిచారు. నెపం వేయడానికి మాకు ఒక మొహం దొరికింది. పైన పటారం లోన లొటారం అని వాళ్ళని తిట్టుకున్నాం. ‘కాలం మారిందే’ అని బావగారు అక్కని ఊరడించేవారు. మారింది కాలం కాదని ఆయనకి తెలుసు. ఎలా నిద్రపట్టేదో ఆ మనిషికి.

చివరికి పెద్ద వంటశాల కూడా పోయి, పాత కంత ఒక్కటే మిగిలింది. అప్పుడే బావగారి గుండె జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేశారు. మత్తు దిగినా మనిషి తేటపడలేదు. కళ్ళు తెరవరు, ముద్ద మింగరు. ఏదైనా ఇష్టమైంది పెట్టి చూడండి అంది నర్సు. అక్క ఇంటికి పరిగెత్తింది. బన్ను మెత్తగా కాల్చి, పైన ఒక్క చుక్క సాస్ వేసి తెచ్చింది. నేను ఆయన తల ఎత్తి పట్టుకున్నాను. అక్క చిన్న తుంపు నోట్లో పెట్టింది.

ఆయన మొహమంతా ముడుచుకుపోయింది. నాలుకతో బయటికి నెట్టేశారు.

“ఛీ, ఏంటమ్మా ఇది? నోరంతా మంట. తీసెయ్యండి” అన్నారు, నర్సు పెట్టిందనుకుని. కాసేపాగి, కళ్ళు మూసుకునే, చిన్నపిల్లాడిలా అడిగారు. “మా ఆవిడ చేసింది పెట్టండి. దాని చేతిది పెట్టండి.”

అక్క కదల్లేదు. బన్ను చేతిలో అలాగే ఉంది. ఆవిడకి ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. ఖాళీ బల్లలు, మూసిన కొట్లు, పొద్దున్నే విచ్చుకున్న ఆ మొహం, అన్నీ. నాకు ఆయన్ని లేపి కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది.

సాయంత్రానికి ఆయన తేటపడ్డారు. అక్క పక్కనే కూర్చుని అడిగింది.

“ఎప్పట్నుంచండీ?”

ఆయనకి అర్థమైంది. మొహం గోడ వైపు తిప్పుకున్నారు. “నువ్వు అంత భయంగా చూస్తుంటే… నా వల్ల కాలేదే.”

“బాగాలేదంటే మళ్ళీ కలిపేదాన్ని కదా. పది సార్లైనా కలిపేదాన్ని. చేతకాకపోతే ఇంకొకళ్ళకి నేర్పేదాన్ని. నాకు నాలుకే పోయిందండీ, చేతులు పోలేదు.”

అంత అడిగినా అక్క ఆయన చెయ్యి వదల్లేదు. ఆ వారంలోనే, ఇంటికి తీసుకెళ్ళొచ్చని డాక్టరు చెప్పిన రోజునే, ఆయన పోయారు. పోట్లాడుకోవడానికి కూడా వాళ్ళకి టైము మిగల్లేదు. అక్క ఏడుపంతా దాని గురించే. “తిట్టాల్సినవి కడుపులోనే ఉండిపోయాయే” అనేది నాతో.

కొన్నాళ్ళకి, ఇంక మూసేస్తున్నానని ఊళ్ళో అందరికీ చెప్పి పంపింది. నమ్మరు, చివరి రోజు కంత ముందు వరస బస్సులు తిరిగే మలుపు దాకా సాగింది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారో వీళ్ళంతా! పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. సాస్ అక్కే చేసింది, రుచి చూడ్డానికి ఎవరూ లేరు. బన్ను ఇచ్చి, తల బయటికి పెట్టి, మామూలుగానే అడిగింది. అందరూ మామూలుగానే చెప్పారు. అదే రుచి అక్కా. ఏం మారలేదు అక్కా. అక్క అందరికీ తల ఊపింది. నేను వెనక బంగాళాదుంపలు వేయిస్తూ పళ్ళు కొరుక్కున్నాను.

పుస్తకాల కొట్టు పెద్దాయన వంతు వచ్చింది. కంత తెరిచిన కొత్తల్లోంచీ తింటున్న మనిషి. కొరికి, నమిలి, కళ్ళు తుడుచుకుని అన్నాడు.

“మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉందమ్మా.”

అక్క ఈసారి తల ఊపలేదు. “మీరైనా ఒక్కరోజు బాగాలేదని చెప్పాల్సింది అన్నయ్యా” అంది.

ఆయన నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. తల దించుకుని అన్నాడాయన.

“నువ్వు అలా చూస్తూ అడిగితే ఎలా చెప్పమంటావమ్మా?”

“ఆయనా ఇదే అన్నారు” అంది అక్క.

తల లోపలికి తీసుకుని, కిటికీ తలుపులు దగ్గరికి లాగి గడియ పెట్టింది. బయట ఇంకా వరస ఉంది. పొయ్యి మీద నూనె కాగుతూనే ఉంది. అక్క నా వైపు తిరిగి, ఇంక ఆపెయ్యి అని చేత్తో చెప్పింది. నేను మంట ఆర్పాను.